పడక కింద ఫ్రిజ్

నా పేరు మీ కానిస్టేబులు పైన రాసుకున్నాడు, యార్డులో మాత్రం అందరూ డ్రైవరక్క అంటారు. వయసు నలభై మూడు. వృత్తి లారీ నడపడం. మా ఆయనా డ్రైవరే, ఇద్దరం ఒకే బండిని మార్చి మార్చి తోలుతాం. మాది వెనక పెట్టెకి చల్లబరిచే మిషను ఉన్న లారీ, ఎక్కువగా ఐస్‌క్రీం లోడు ఎత్తుతాం. ఈ రోజు పొద్దున పదిన్నరకి కంపెనీ యార్డులో ఆ మిషను ఆపింది నేనే. కాదనడం లేదు. ఎందుకు ఆపానో మొదటి నుంచి చెప్తాను, మధ్యలో అడ్డు రాకండి.

మా ఆయనకి షుగరు. భోజనానికి ముందు ఇన్సులిన్ సూది పడాలి. ఆ మందు సీసాలు చల్లగా ఉంచాలి, వేడికి పాడైపోతాయి. ఇదివరకు థర్మాసులో ఐసుముక్కలు వేసి పెట్టేదాన్ని. ఐసు కోసం దారిలో కనపడ్డ కూల్‌డ్రింకు కొట్టువాడినల్లా బతిమాలేదాన్ని. చివరికి విసుగొచ్చి, బండి బ్యాటరీ మీద నడిచే చిన్న ఫ్రిజ్ కొన్నాం.

సీట్ల వెనక మేం నడుం వాల్చే పడక ఉంటుంది. దాని కింద అరలో జాకీ, పానాలు, తాళ్ళు ఉండేవి. అవన్నీ బయటి పెట్టెలో సర్ది, ఆ అరలో ఫ్రిజ్ బిగించాం. వేలెడు చోటు తక్కువైంది. అడ్డొచ్చిన చెక్క కోస్తానని మా ఆయన రంపం పట్టుకుని దూరి, పడక కాలు కోసిపెట్టాడు. ఆ పడక ఇప్పటికీ ఆయన వైపుకే వాలి ఉంటుంది. కుదుపులకి కింద రబ్బరు ముక్కలు వేశాం, గాలి ఆడటానికి అర తలుపుకి చిల్లులు పెట్టాం. వైరు యార్డు ఎలక్ట్రీషియనే లాగాడు, నేరుగా బ్యాటరీ నుంచి. మేనేజరు వచ్చి చూసి, "బావుందమ్మా, కాపురానికి ఫ్రిజ్ కూడా వచ్చింది" అని నవ్వాడు. మందు కోసమండీ అని అప్పుడే చెప్పాను. సార్, ఇది రాయండి. మందు కోసమని చెప్పాను.

నేరుగా బ్యాటరీ నుంచి ఎందుకంటే, ఇంజను ఆపి కీ తీసేసినా ఫ్రిజ్ నడవాలి. మా పనిలో తోలేది సగం, నిలబడేది సగం. గోడౌను ముందు వరసలో ఇరుక్కుంటే ఒక్కోసారి పొద్దుగూకేదాకా ఎండలోనే. వెనక మిషనుకి సొంత ఇంజను ఉంది, దాని పాటికి అది తిరుగుతుంది. మేం కూర్చునే క్యాబిన్ మాత్రం పొయ్యే.

పోయిన నెల బండిని సర్వీసుకి యార్డులో వదిలాం. తిరిగి తీసుకున్న కొన్నాళ్ళకే మా ఆయనకి దాహం మొదలైంది. నీళ్ళు తాగడం, బండి ఆపించడం, దిగడం. కళ్ళు మసకలన్నాడు. మీటరులో చూస్తే షుగరు ఎక్కడో ఉంది.

"ఏం తిన్నావ్?" అన్నాను.

"ఏం తినలేదే."

"ఐస్‌క్రీం బండి తోలుతూ తినలేదంటే నన్ను నమ్మమంటావా?"

"లోడుకి సీలుంటుంది కదే, ఎలా తింటాను?"

"కొనుక్కుని తినడానికి సీలెందుకు?"

నేను నమ్మలేదు. వరసలో ఉన్న డ్రైవర్లందరి ముందూ ఆయన జేబులు వెతికాను. సంచి కింద కుమ్మరించాను. బిస్కెట్ కాగితం కూడా దొరకలేదు. దొరక్కపోతే ఇంకా ఒళ్ళు మండింది, ఎంత తెలివిగా తింటున్నాడో అని. మాట్లాడటం మానేశాను. మొన్న మధ్యాహ్నం గోడౌను దగ్గర బండి దిగబోయి మెట్టు మీంచి పడిపోయాడు. నా జాలి కోసం నాటకమాడుతున్నాడనుకుని ఒక నిమిషం అలాగే చూస్తూ నిలబడ్డాను. ఆస్పత్రిలో చేర్చాం. ఇంతవరకూ కళ్ళు తెరవలేదు.

మందు ఎక్కడ ఉంచుతారని డాక్టరు అడిగితే, ఫ్రిజ్‌లోనేనండీ అని ఆయన మీద కూడా కస్సుమన్నాను.

మా ఆయన బట్టలు తెచ్చుకుందామని ఈ పొద్దున యార్డుకి వెళ్ళాను. కొత్త లోడు ఎక్కించి బండి నిలిపి ఉంచారు. ఫ్రిజ్ తెరిస్తే వెచ్చగా ఉంది, సీసాలు వెచ్చగా ఉన్నాయి. కీ పెట్టి తిప్పాను, ఫ్రిజ్ గుర్రుమంది. తీశాను, ఆగిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ గుర్రుమంది. అప్పుడు అర్థమైంది. మేం బండి ఆపగానే సూది వేసేవాళ్ళం, అప్పటిదాకా ఇంజను నడిచేది కాబట్టి సీసా చేతికి చల్లగానే తగిలేది. ఆ తర్వాత మందు వరసలో ఎండకి ఉడికేది, బండి కదిలాక మళ్ళీ చల్లబడేది.

వెళ్ళి ఎలక్ట్రీషియన్ని అడిగాను. "బ్యాటరీలు దిగిపోతున్నాయని మేనేజరు గారు అన్ని బండ్లలో ఫ్యాన్లూ ఫ్రిజ్‌లూ కీ లైనుకి కలిపెయ్యమన్నారక్కా. మీకు ఆయన చెప్పుంటారనుకున్నా."

మేనేజరు దగ్గరికి పోతే, "వాడు చెప్పలేదా?" అన్నాడు. చీమ కుట్టినట్టైనా లేదు. పైగా, "అంత చిన్న ఫ్రిజ్ కోసం ఇంత గొడవేంటమ్మా?" అన్నాడు.

"అయితే పెద్దది ఆపుతాను" అన్నాను. మొహం మీదే చెప్పాను. వాళ్ళలా చెప్పకుండా ఆపలేదు. నవ్వి ఫోను చూసుకున్నాడు.

వెళ్ళి వెనక మిషను ఆపి, రెండు తలుపులూ బార్లా తీసి, తాళాలు జేబులో వేసుకుని తలుపులకి అడ్డంగా మెట్టు మీద కూర్చున్నాను. పెట్టెలో వేడి కొలిచే మీటరు ఉంది, లోడు వేడెక్కితే మేనేజరు ఫోనులో గంట మోగుతుంది. దారిలో రెండు డిగ్రీలు పెరిగినా చాలు, వెంటనే ఫోను చేసి చంపుతాడు. ఈ రోజు కూడా మోగింది. ఒక కాలికి చెప్పు లేకుండా పరిగెత్తుకొచ్చాడు. ఐస్‌క్రీం కోసం, సార్! నెల రోజులు మనిషి మందు ఉడికితే మోగని గంట ఐస్‌క్రీంకి మోగింది.

నేను కొట్టానని రాయించాడట. కొట్టలేదు. మధ్యాహ్నం దాకా అరిచి అరిచి, చివరికి తాళాల కోసం నా జేబులో చెయ్యి పెట్టబోతే తోశాను. అప్పటికి ఐస్‌క్రీం కారి యార్డంతా జిగురు, దాని మీద కాలేసి జారి పడ్డాడు. కొట్టాలని మాత్రం ఉంది, అదీ రాసుకోండి.

లోడు నష్టం నా మీదే వెయ్యండి, నేను పారిపోను. పైన రాసిందంతా నాకు చదివి వినిపించారు, నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. ఎవరూ బెదిరించలేదు, నేర్పలేదు. ఒక చోట "క్షణికావేశంలో" అని రాశారు, అది కొట్టేయించాను. మధ్యాహ్నం దాకా కూర్చున్నదాన్ని, క్షణం ఏమిటి?

సంతకం పెడుతున్నాను, తొందరగా పంపండి. సాయంత్రం దాటితే ఏమీ చెప్పలేనన్నాడు డాక్టరు. మా ఆయన పడిపోయేనాటికి నేను ఆయనతో మాట్లాడటం లేదు. నువ్వు తినలేదని తెలిసిందయ్యా అని చెవి దగ్గర చెప్పాలి. వినపడినా వినపడకపోయినా, ప్రాణం ఉండగా చెప్పాలి.

(సంతకం)