కెజియా గారి చూపు, యంత్రం లెక్క

1992 ఆగస్టు 17వ తేదీన తాడేపల్లిగూడెంలోని మన శాఖా ప్రయోగశాలలో సహాయకురాలిగా అడుగుపెట్టిన శ్రీమతి వరదానం కెజియా గారు, సుదీర్ఘ సేవానంతరం, ఏలూరు కేంద్ర ప్రయోగశాల సూక్ష్మజీవ విభాగాధిపతిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. వట్లూరులో ఉపాధ్యాయులుగా పనిచేసిన రత్నం మాస్టారి కుమార్తె అయిన వారికి క్రమశిక్షణ పుట్టింటి నుంచే సంక్రమించింది. మాకు మాత్రం అది అప్పుడప్పుడు ప్రాణం మీదికి వచ్చేది.

తాగునీటి నమూనాను అగార్ అనే జెల్లీ పోసిన ప్లేటులో ఉంచి పెంచితే, అందులోని బాక్టీరియా చిన్న చిన్న చుక్కలుగా కనిపిస్తుంది. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క కాలనీ. అవి పరిమితి దాటితే ఆ నీరు తాగడానికి పనికిరాదు. భూతద్దం కింద ప్లేటు పెట్టి, పెన్నుతో గుర్తులు పెట్టుకుంటూ కాలనీలను లెక్కించడంలో కెజియా గారికి సాటి లేరని తాడేపల్లిగూడెం రోజుల నుంచే పేరు. 2004లో ఏలూరుకు బదిలీ అయ్యాక కొల్లేటి లంక గ్రామాల తాగునీటి నివేదికలన్నీ వారి సంతకంతోనే వెలువడేవి.

2019లో, ప్లేటును ఫోటో తీసి తానే కాలనీలను లెక్కించే యంత్రం వచ్చింది. దాన్ని వాడుకలో పెట్టేముందు ఒకే ప్లేటును యంత్రమూ, తామూ, అప్పుడే ఉద్యోగంలో చేరిన ఉదయ్ కిరణూ విడివిడిగా లెక్కించి పోల్చి చూడాలని కెజియా గారే నిర్ణయించారు. మా దగ్గరికే పరీక్షకు వచ్చే కొల్లేటి చేపల నమూనాల్లో యంత్రం తడబడింది. పొలుసు ముక్కలను కూడా కాలనీల్లో కలిపేసింది. నాకు లోలోపల సంతోషమే అయింది. తాగునీటి ప్లేట్ల దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడింది. యంత్రం లెక్కా, ఉదయ్ కిరణ్ లెక్కా దగ్గరదగ్గరగా వచ్చాయి. కెజియా గారి లెక్క బాగా తగ్గింది. మళ్లీ లెక్కించినా అంతే. యంత్రాన్ని వెనక్కి పంపేద్దామని అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

“మిషన్‌ని తిట్టకండి భాస్కరరావు గారూ,” అన్నారు వారు, భూతద్దం ముందు నుంచి లేస్తూ. “సూదిమొనంత కాలనీలు ఆ అబ్బాయికి కనపడుతున్నాయి. నాకు కనపడట్లేదండీ.”

కళ్లలో శుక్లాలు ముదురుతున్నాయని మర్నాడు డాక్టరు చెప్పారు. ఆపరేషన్‌తో సరిపోయే సంగతి. ఎవరికీ తెలియకుండా దాచుకోవడమూ సులువే. కానీ అప్పటికే వారు సంతకం చేసి పంపిన నివేదికలను నమ్మి లంక గ్రామాలవారు ఆ నీళ్లు తాగుతున్నారు. కెజియా గారు సంతకం చేసే అధికారాన్ని స్వయంగా వదులుకుని, మళ్లీ నమూనాలు తేవడానికి నన్ను వెంటబెట్టుకుని బయలుదేరారు. ఒక లంక గ్రామంలో కుళాయి దగ్గర బిందె నింపుకుంటున్న మణెమ్మ గారి ముందు నిలబడి వారు చెప్పిన మాటలు నేను మరువలేను.

“ఈ నీళ్లు బాగున్నాయని రాసింది నేనేనండీ. నా చూపు తగ్గిందని నాకే తెలియలేదు. మళ్లీ కబురు పంపేదాకా కాచి చల్లార్చుకుని తాగండి.”

మణెమ్మ గారు బిందె వంచేసి, “మీరు బాగున్నాయంటేనే కదండీ మా పిల్లలకి పట్టాం,” అన్నారు. అది నిష్ఠూరమో, నమ్మకమో నాకు తెలియలేదు. కెజియా గారు ఆ కుళాయి నీటిని నమూనా సీసాలో పట్టి మూత బిగించారు.

పరీక్షిస్తే ఆ ఊరి నీటిలో బాక్టీరియా నిజంగానే పరిమితి దాటింది. నీటిని వడగట్టే ఇసుక ఫిల్టర్లను బాగుచేయించేదాకా వారు అధికారులను నిద్రపోనివ్వలేదు. దైవకృప వల్ల ఎవరికీ ఏ ఆపదా రాలేదు. శస్త్రచికిత్స అనంతరం చూపు చక్కబడినా, తమ లెక్క మిగతా లెక్కలతో కలిసేదాకా వారు సంతకం పెట్టలేదు. విభాగాధిపతితో సహా అందరూ ప్రతి నెలా ఒకే ప్లేటును లెక్కించి యంత్రంతో సరిచూసుకోవాలన్న నియమం వారు పెట్టిందే. మొదట విసుక్కున్నవాణ్ణి నేనే. ఇప్పుడు ఆ నియమం లేని చోట రాసిన నివేదికను నమ్మబుద్ధి కాదు.

గత వారం సెలవు తీసుకోవడానికి కెజియా గారు నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్లినప్పుడు మణెమ్మ గారు అడిగారు.

“మీరెళ్లిపోతే మా నీళ్లెవరు చూస్తారండీ?”

“మిషన్ చూస్తుందండీ. మిషన్‌ని ఉదయ్ కిరణ్ చూస్తాడు.”

“మరి ఆ అబ్బాయి కళ్లో?”

“మొన్ననే డాక్టరుకి చూపించానండీ,” అన్నారు కెజియా గారు. మణెమ్మ గారు లోపలికి వెళ్లి రెండు గ్లాసుల కుళాయి నీళ్లు తెచ్చి ఇచ్చారు. ఇద్దరం తాగి వచ్చాం.

భర్త శ్రీ వరదానం గారి సాహచర్యంలో, కుమార్తె క్యాథరిన్ కుటుంబం కళ్లెదుట వర్ధిల్లుతుండగా, చెదరని చూపుతో, చక్కని ఆరోగ్యంతో కెజియా గారు నూరేళ్లు చల్లగా ఉండాలని మనసారా ప్రార్థిస్తున్నాను. ఏడాదికోసారి కళ్లు పరీక్ష చేయించుకోమని వారికి చెప్పే సాహసం మాత్రం చేయను. నన్ను చేయించుకోమని నిన్ననే హెచ్చరించారు.

— భాస్కరరావు