ఏ రాష్ట్రం కార్డు ఆ రాష్ట్రానిదే

సిడ్నీ పారమట్టా ఆఫీసులో ఫోనెత్తిన కౌన్సెలర్‌కి, అవతలి మగగొంతులోని అతివినయం వినగానే అనుమానం వచ్చింది.

“నమస్తే మేడమ్. పిల్లలకి వీడియోలో కౌన్సెలింగ్ చేస్తారటగా? మా బాబుకి కావాలి.”

“చేస్తానండి. కాకపోతే పిల్లలతో పనిచేయడానికి ఏ రాష్ట్రం అనుమతి కార్డు ఆ రాష్ట్రానిదే. బాబు ఎక్కడుంటే అక్కడి కార్డు నాకుండాలి. ఎక్కడుంటాడు?”

“ముందు మీకు ఏయే కార్డులున్నాయో చెప్పండి.”

“కన్నతండ్రి మీరు. కొడుకు ఎక్కడున్నాడో తెలీదా?”

“మా ఆవిడ చెప్పాపెట్టకుండా వాణ్ణి తీసుకుపోయింది మేడమ్. మీ దగ్గరే చూపిస్తోందని విన్నా. మెల్‌బోర్న్ పిల్లల్ని చూస్తారా?”

“లేదండి. కార్డు లేదు.”

“బ్రిస్బేన్?”

“అదీ లేదు.”

“పెర్త్?”

ఆమె కావాలనే కాసేపు ఆగింది.

“ఏంటి మేడమ్, పెర్త్ అనగానే ఆగిపోయారు?”

“అలాంటి వివరాలు ఫోన్లో చెప్పకూడదండి.”

“థాంక్స్ మేడమ్. నాక్కావాల్సింది దొరికింది.”

ఫోన్ పెట్టేశాక ఆమె తలుపు గడియ వేసొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. బ్రిస్బేన్ సన్నీబ్యాంక్‌లోని ఇంట్లోంచి ఏడేళ్ల పిల్లాడు తెర మీద చెయ్యూపాడు.

“వై ఆర్ యూ లేట్, ఆంటీ?”

“ఫోనొచ్చింది కన్నా. ఎవరో, పెర్త్ వెళ్లే ఆయన.”