గుంజే దిక్కు, ఊకున్న దిక్కు

పెద్దలారా, అమ్మలారా, అన్నలారా!

సూర్యాపేట వాళ్లే కాదు, కోదాడ నుంచి, మిర్యాలగూడ నుంచి, తండాల నుంచి కూడా ఇంతమంది వచ్చారు. నలుగురు ఒకచోట నిలబడాలంటేనే గుండెలు దడదడలాడుతున్న రోజులివి. పొద్దు గూకక ముందే ముగించాలన్న షరతు మీద ఈ సభకు అనుమతి ఇచ్చారు. వెనక గోడ దగ్గర కూర్చుని మన ప్రతి మాటా రాసుకుంటున్న పోలీసు జమేదారు గారికి కూడా నా నమస్కారం. తప్పు పోకుండా రాసుకోండి అయ్యా, నేను నిదానంగానే మాట్లాడతాను.

నా పేరు తిరుపతమ్మ. డాక్టర్ వీరేశం గారి దవాఖానలో నర్సును. ఆయన పోయారు. ఈ మాట అనడానికి నోరు రావడం లేదు. అయినా అనాలి. పోయారు. మనం ఇప్పుడు కూర్చున్నది ఆయన దవాఖాన ముందే, ఆ తలుపు మాత్రం మూసి ఉంది.

ఆయనకు మీరు పెట్టిన పేరు ఏమిటి? వెక్కిరింపుల డాక్టరు! తలనొప్పి అని పోయినా, మాట తడబడుతోందని పోయినా మందు తర్వాత, ముందు వెక్కిరింపు. ఆయన కనుబొమ్మలు ఎగరేస్తే మనమూ ఎగరేయాలి. ఆయన బుగ్గలు పూరిస్తే మనమూ పూరించాలి. నాలుక చాపాలి, కళ్లు గట్టిగా మూయాలి, ఒక గుక్క నీళ్లు మింగాలి. పిల్లలు కిటికీ దగ్గర చేరి నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవారు. కానీ ఆయన కళ్లు మాత్రం నవ్వేవి కావు, వెతికేవి.

ఏం వెతికేవి? ఒకసారి నాకు బొటనవేలు చూపించి చెప్పారు. మెదడు కింద ఇంత కాడ ఉంటుందట. తలలోని నరాలు పన్నెండు జతలైతే, చాలావాటి కేంద్రకాలు, అంటే వాటిని నడిపించే చోట్లు, ఆ కాడలోనే ఉంటాయట. ఒకటి కన్ను తిప్పుతుంది, ఒకటి మొహం కదిలిస్తుంది, ఒకటి మింగిస్తుంది, ఒకటి నాలుకను ఆడిస్తుంది. “లోపలికి పోయి సూడలేం గదా తిరుపతమ్మా. మొహమే మనకు కిటికీ” అనేవారు.

మఠంపల్లి దగ్గర తండాలో రంగి అనే తల్లికి తెల్లారేసరికి మూతి కుడివైపుకు వంకరపోయింది. అటు గుంజుతోంది కాబట్టి రోగం అటే ఉందన్నారు ఇంటివాళ్లు. కుడి చెంప మీద వాత పెట్టడానికి ఇనుప కడ్డీ పొయ్యిలో ఎర్రగా కాలుతోంది. మన ఊళ్లలో ఎన్ని చెంపల మీద ఆ మచ్చలు లేవు! మేము పోయేసరికి నలుగురు ఆమెను పట్టుకుని ఉన్నారు. డాక్టరు గారు కడ్డీకీ ఆమెకూ మధ్య చతికిలబడి, కనుబొమ్మలు ఎగరేశారు. ఏడుస్తూనే ఆమె కూడా ఎగరేసింది. కుడివైపు నుదురు ముడతలు పడింది. ఎడమవైపు నున్నగా ఉండిపోయింది, ఆ కన్ను మూతపడనే లేదు.

అప్పుడు ఆయన అన్న మాట ఇది. “గుంజే దిక్కు బాగున్నది. ఊకున్న దిక్కే సచ్చింది. మీరు మంచి చెంప కాలుస్తున్నరు.”

కడ్డీ నీళ్లలో పడింది. మెదడులో ఏమీ లేదు, చెవి వెనక నుంచి వచ్చే నరం వాచింది, అదే తగ్గుతుంది, అంతవరకు ఆ కంటికి కట్టు కట్టండి అని చెప్పి వచ్చేశాం. రంగీ, ఎక్కడున్నావమ్మా? ఒకసారి లేచి నవ్వు. చూడండి, నవ్వు ఎంత సరిగ్గా ఉందో!

ఇక రెండో మాట. ఇది చెప్పకుండా నేను కూర్చోను.

మాడుగులపల్లి బీరప్ప గొర్లు కాసుకునే మనిషి. ఆయన భార్య నాంచారమ్మ ఇదిగో, ముందు వరసలోనే ఉంది. గుట్టల్లో ఎవరు దాక్కున్నారో చెప్పమని బీరప్పను మిర్యాలగూడ పోలీసు క్యాంపుకు తీసుకుపోయారు. నీళ్లు ఇస్తే ముక్కులోంచి వచ్చాయి, అధికారి మీద ఉమ్మాడన్నారు. నాలుక చాపమంటే పక్కకు తిరిగింది, వెక్కిరించాడన్నారు. మాట ముద్దగా వచ్చింది, దాస్తున్నాడన్నారు. ప్రతి దానికీ దెబ్బలే!

డాక్టరు గారు పిలవకుండానే క్యాంపుకు పోయారు. నేనూ పోయాను. గేటు దగ్గర నాకూ భయమేసింది, ఆయనకూ వేసింది. అయినా లోపలికి పోయి అదే వెక్కిరింపు మొదలుపెట్టారు. కనుబొమ్మలు సరిగ్గా లేచాయి. కళ్లు అన్ని వైపులా తిరిగాయి. నోరు తెరిస్తే కొండనాలుక ఒక పక్కకే గుంజింది. నాలుక సగం ఎండిపోయి, లోపల పురుగులు మెదిలినట్టు అదురుతోంది. ఆ కాడలో ఆవగింజంత చోట రక్తం అందక, మింగించే కేంద్రకం, నాలుక కేంద్రకం చచ్చిపోయాయని చెప్పారు. “మనిషి నటిస్తడు సార్. గానీ సగం నాలుకను ఎండబెట్టుకోలేడు” అన్నారు.

అధికారి చాలాసేపు ఆ నాలుకనే చూశాడు. దెబ్బలు ఆగాయి, కానీ విడిచిపెట్టలేదు. పైఅధికారి వచ్చినప్పుడు ఆయనకు చూపించండి, ఆయన ఒప్పుకుంటే ఇంటికి, లేకపోతే జైలుకు అన్నాడు. ఆ పైఅధికారి మిర్యాలగూడ వచ్చేది ఎప్పుడో తెలుసా? రేపే.

బీరప్పకు ఏం తెలుసో నాకు తెలియదు. తెలిసినా చెప్పలేడన్నది మాత్రం నాకు తెలుసు.

ఈలోగా చిలుకూరులో ఒక పసిపిల్లకు డిఫ్తీరియా వచ్చింది. గొంతు చూస్తుంటే పిల్ల ఆయన మొహం మీదే దగ్గింది. దవాఖానలో ఉన్న కాస్త విరుగుడు సీరం పిల్లకు వేశారు. పిల్ల బతికింది, జబ్బు ఆయనకు అంటుకుంది. ఆయనకు కావలసిన సీరం హైదరాబాదు నుంచి రావాలి, దారి పొడవునా తనిఖీలు. వచ్చేసరికి ఆలస్యమైంది. రోజూ పొద్దున నన్ను అద్దం పట్టుకోమని తన గొంతు తానే చూసుకునేవారు. కొండనాలుక కదలడం మానేసింది. మాట ముక్కుతో వచ్చింది. ఒకరోజు తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేశాయి. తుడుస్తుంటే నాకు దుఃఖం ఆగలేదు. ఆయన నవ్వి, “ఇప్పుడు నన్ను క్యాంపుకు తీస్కవోతే నేను గూడ ఉమ్మిన అంటరు” అన్నారు. తర్వాత నవ్వడం ఆపి, “బీరప్పను మరువకు” అన్నారు. ఆ తర్వాత గుండె ఆగింది.

అయ్యా, అమ్మా, నేను రేపు పోతున్నాను. ఆయన చూపించినట్టే ఆ నాలుక చూపిస్తాను. నర్సు మాట ఎవరు వింటారని అడుగుతారేమో, నాకూ ఆ భయం ఉంది. అందుకే అడుగుతున్నాను. మీరు గేటు బయట నిలబడండి. కేకలు వద్దు, జెండాలు వద్దు. అడిగితే, ఇతను మా బీరప్ప, జబ్బు మనిషి అని చెప్పండి, చాలు. మీరు రాకపోతే మంచి చెంప మీద వాత పెడుతుంటే చూస్తూ కూర్చున్నట్టే.

పొద్దు వాలుతోంది. ఇక ముగిస్తాను. డాక్టరు గారి కోసం కాసేపు మౌనంగా నిలబడదాం. జమేదారు గారూ, మాట్లాడనివాడు దాస్తున్నాడని కదా మీ క్యాంపులో అన్నది? ఇప్పుడు ఈ వాకిట్లో ఒక్కరూ మాట్లాడరు. మేమేం దాస్తున్నామో రాసుకోండి.

కానీ ఈ కాసేపే సుమా! రేపు గేటు దగ్గర కూడా ఇలాగే ఉండిపోతే, ఊకున్న దిక్కు మనమే అవుతాం.

నాంచారమ్మా, నా చెయ్యి పట్టుకో. అందరూ లేవండి.