కొత్త నంబరు

జనవరిలో తనపై అత్యాచారం జరిగిందని ఫిర్యాదు చేసిన బ్రయొనీ, ఏప్రిల్లో ఉత్తర ఇంగ్లండులోని అదే పోలీసు స్టేషనుకు మళ్లీ వచ్చింది. కౌంటరు వెనక రిటైర్మెంటు దగ్గరపడ్డ సార్జెంటు కూర్చున్నాడు.

“కేసు ఎంతవరకొచ్చిందో కనుక్కోడానికా అమ్మా?”

“కాదండి. కేసు చూస్తున్న డిటెక్టివ్ మీద ఫిర్యాదివ్వడానికి.”

“అతనా? బుద్ధిమంతుడే. ఏం చేశాడు?”

“రోజూ మెసేజీలు పెడుతున్నాడు. నిన్న, పడుకునేటప్పుడు ఏం వేసుకుంటావని అడిగాడు.”

“బట్టలు సాక్ష్యం కదమ్మా. విచారణలో అడుగుతారు.”

“సాక్ష్యం బట్టలు మీరు జనవరిలోనే సంచిలో వేసి తీసుకెళ్లారు. ఈ ప్రశ్న చివర ముద్దు ఎమోజీ ఉంది.”

సార్జెంటు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఎవరో అతని పేరు పెట్టుకుని ఆట పట్టిస్తున్నారేమో?”

“నా పాత ఫోనూ మీరే తీసుకున్నారు. ఇది కొత్త నంబరు. మా అమ్మకి కూడా ఇవ్వలేదు. మీ ఫారంలో రాశానంతే.”

ఆయన కొత్త ఫారం తీసి, డిటెక్టివ్ పేరు పూర్తిగా రాశాడు.

“మిమ్మల్ని సంప్రదించడానికి నంబరు చెప్పండమ్మా.”

“నంబరు వద్దండి. రోజూ నేనే వస్తాను.”