పరుపు బావ గెలిచిన ఆదివారం

ఏదీ, ఇటివ్వు ఆ కాగితం. కళ్లజోడు... ఆ, బల్ల మీదే ఉంది, అందించు తల్లీ. ఊఁ. కుస్తీ ప్రపంచ ఛాంపియన్ల జాబితా. ఒకటి, రెండు, మూడు, నాలుగోది మీసాలాయన. సరే. తర్వాత ఒక గీత. గీత కింద మళ్లీ మీసాలాయనే! ఏమ్మా, ఈ జాబితా రాసినవాడెవడో గానీ, ఆయన తన మీద తనే గెలిచాడనుకున్నాడా? ఆ గీత మీ తాత. అవును, మా బావే. మీ నాన్న నీకు అబద్ధం చెప్పలేదు. ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి శనివారం సాయంత్రం దాకా మీ తాత ప్రపంచ ఛాంపియన్. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, ఆ కుస్తీ కంపెనీకి రిఫరీని నేనేగా. మామూలు రోజుల్లో గడియారాలు బాగుచేసేవాణ్ని, ఆదివారాలు తెల్ల చొక్కా వేసుకుని రింగులోకి దూకేవాణ్ని. సెకన్లు లెక్కపెట్టడం వీడికి బాగా తెలుసులే అని మేనేజరు పెట్టుకున్నాడు. పైగా బావ సిఫారసు.

బావ పరుపులు కుట్టేవాడు. నువ్వు ఆయన్ని చూడలేదు కదూ? మనిషి తలుపంత ఉండేవాడు. రింగు మీద పరిచే పరుపు కూడా ఆయన కుట్టిందే. దూది, చింకి గుడ్డలు, రంపపు పొట్టు, ఏది ఎంత కూరాలో ఆయనకే తెలుసు. ఎక్కువ మెత్తగా ఉంటే కాలు మడత పడుతుంది, గట్టిగా ఉంటే నడుం విరుగుతుంది. జనం ఆయన్ని పరుపు అనేవాళ్లు, కానీ అది ఆయన పని చూసి పెట్టిన పేరు కాదు. పడే తీరు చూసి పెట్టారు. అబ్బ, ఏం పడేవాడు! తొంభై కిలోల మనిషిని ఎత్తి కుదేస్తే దబ్బుమని మోత, జనం అమ్మో అని కళ్లు మూసుకునేవాళ్లు. ఆయనకి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు, ఎదుటివాడికి అసలే కాదు. అందుకే పద్నాలుగేళ్లు ఆయన్నే ఓడించారు. ఓడిపోవడమే ఆయన ఉద్యోగం. నవ్వకు. అది చేతనైనవాళ్లు కంపెనీకి ఒక్కరుంటే గొప్ప.

టైటిల్ అంటే ఏంటి తాతయ్యా అని అడిగావు కదా, చెప్తాను, మధ్యలో అడ్డం రాకు. మా మేనేజరు చెప్పేవాడు, ఆయన కుర్రతనంలో కుస్తీ నిజంగానే పట్టేవాళ్లట. ఎవడు బలవంతుడైతే వాడిదే పందెం. చూడ్డానికి మాత్రం ఏమీ ఉండేది కాదట. ఇద్దరూ ఒకడి మెడ ఒకడు పట్టుకుని కింద పడితే రెండు గంటలు అలాగే. ఒకాయన లేచి ఇంటికెళ్లి, భోంచేసి, చిన్న కునుకు తీసి వచ్చి చూస్తే అదే పట్టట! ఇలాగైతే కుర్చీల్లో జనం మిగలరని మేనేజర్లంతా కూడబలుక్కుని, ఎవరు గెలవాలో ముందే అనుకోవడం మొదలెట్టారు. అప్పుడు ప్రతి కంపెనీకీ, గెలిచినవాడి నడుముకి కట్టడానికి ఒక బెల్టు కావాల్సొచ్చింది. బెల్టు అన్నాక ఊరి ఛాంపియన్ అంటే ఎవడొస్తాడు? అందుకని ప్రపంచ ఛాంపియన్. ప్రపంచం అంటే ఎంత? మా లారీ వెళ్లి రాగలిగినంత. అవతలి కంపెనీకి వాళ్ల లారీ ఉంది కాబట్టి వాళ్ల ప్రపంచం వాళ్లది. ఒకానొక ఏడాది నేను లెక్కేస్తే రైలు మార్గం పొడుగునా నలుగురు ప్రపంచ ఛాంపియన్లు తేలారు. వాళ్లలో ఇద్దరైతే ఒకళ్లనొకళ్లు ఎరగనే ఎరగరు!

మా బెల్టు ఇత్తడి గిన్నెలు చేసే ఆయన చేశాడు. మధ్యలో భూగోళం. బడి పిల్లల పటం చూసి దేశాలన్నీ కొట్టాడు గానీ, ఒక దేశం ఉండాల్సిన చోట మేకు పడింది. ఆ దేశం వాళ్లు ఎవరూ చూడలేదు కాబట్టి సరిపోయింది. ఇంక దాని చరిత్ర! ముప్ఫై ఇద్దరు వస్తాదులు సముద్రం అవతల పోటీపడితే ఒకే ఒక్కడు మిగిలాడు, ఆయనే మొదటి ఛాంపియన్ అని మైకులో చెప్పేవాడు మేనేజరు. ఏ ఊళ్లో జరిగిందయ్యా అంటే ఒక్కోచోట ఒక్కో పేరు. నీ కాగితంలో ఆ మొదటి పేరుంది చూడు, ఆ మనిషి పుట్టనే లేదు. పుట్టనివాడి పేరు ఉంది, మీ తాత పేరు లేదు, చూశావా చోద్యం!

అయితే అదంతా ఉత్తుత్తిదేనా అంటావేమో. కాదమ్మా. బలం చూసి ఇవ్వకపోయినా ఊరికే ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వరు. వేళకి వస్తాడా, తాగి వస్తాడా? ఎదుటివాడి ఎముకలు జాగ్రత్తగా చూసుకుంటాడా? వాడి ముఖం చూడ్డానికి జనం వస్తారా? బెల్టు ఇచ్చాక నెత్తికెక్కకుండా, దిగమన్న రోజు మాట్లాడకుండా దిగిపోతాడా? అన్నీ చూసి, మా అందరి పొట్టలూ వాడి భుజం మీద పెట్టడం అన్నమాట. అదీ టైటిల్. మీసాలాయన అలాంటి మనిషి. గంభీరంగా ఉండేవాడు, రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. మీసానికి నూనె రాసుకోవడానికే అరగంట పట్టేది. బావా ఆయనా కలిసి ఎన్ని వందల సార్లు పట్టారో! అన్నిసార్లూ పడింది బావే.

ఇప్పుడు అసలు సంగతి. మీ తాతమ్మ, అంటే బావ వాళ్లమ్మ, బావ దగ్గరే ఉండేది. ఇంత మనిషి, పిట్టలా ఉండేది. కొడుకు మొదటిసారి రింగులో ఓడి ఇంటికొచ్చిన రోజు గుమ్మంలోనే అడిగిందట, "ఎవరు గెలిచార్రా?" అని. పాపం ఆవిడ ముఖం చూసి "నేనేనమ్మా" అనేశాడు. ఒక్కసారి అన్నాక ఇంకెక్కడ ఆగుతుంది? వారం వారం అదే ప్రశ్న, అదే జవాబు. పద్నాలుగేళ్లు! మా అక్క, అంటే మీ నానమ్మ, వంటింట్లోంచి వింటూ నోట్లో కొంగు కుక్కుకునేది. మీ తాతమ్మ వీధంతా చెప్పుకునేది కూడాను, మా వాడు ఇంతవరకూ ఓడిపోలేదని. వీధివాళ్లందరికీ నిజం తెలుసు. ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పలేదు. అలాంటి వీధి అది.

సరే, ఒక బుధవారం ఆవిడకి కంటి ఆపరేషన్ అయి కట్టు విప్పారు. చూపు బ్రహ్మాండంగా వచ్చింది. వెంటనే ఏమందో తెలుసా? "ఒరే, ఈ ఆదివారం నీ కుస్తీ చూస్తాను. బతికుండగా ఒక్కసారైనా చూడొద్దూ?" అంది. బావ ఆపబోయాడు. వద్దమ్మా జనం ఎక్కువ అన్నాడు, దుమ్ము అన్నాడు, కళ్లకి మంచిది కాదన్నాడు. వింటేగా! చివరికి బావ నా షాపుకి వచ్చి కూర్చుని, "ఒరే బామ్మర్దీ, నేను అబద్ధం ఆడానని కాదురా, ఆవిడ అందరికీ చెప్పుకుంది. ఇప్పుడు అందరి ముందూ కూర్చుని చూస్తుంది, ఆవిడ పరువేం కాను?" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం బావ మేనేజరు కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. సున్నం రాలిన గది అది, మేము బట్టలు మార్చుకునే చోటు. "సార్, బెల్టు వద్దు, ఏం వద్దు. ఇవాళ్టికి నా ఆట వేరేవాడితో వెయ్యండి, ఒక్కసారి గెలవనివ్వండి" అన్నాడు. మేనేజరు గొంతు నీకు వినిపిస్తా ఉండు, ముక్కుతో మాట్లాడేవాడు. "ఏమయ్యా పరుపూ, మతుండే మాట్లాడుతున్నావా? వచ్చే ఆదివారం అవతలి కంపెనీ ప్రపంచ ఛాంపియన్ వస్తున్నాడు, రెండు ప్రపంచాలు ఢీకొంటున్నాయని ఊరంతా పోస్టర్లు వేశాను. ఇవాళ మీసం నీ మీద గెలిచి తీరాలి. టైటిల్ అంటే మీ ఇంటి వ్యవహారమా?" అన్నాడు. ఆయన తప్పూ లేదు. మీసాలాయన మూలన కూర్చుని అద్దంలో చూసుకుంటూ మీసం దువ్వుకుంటున్నాడు. అటు తల కూడా తిప్పలేదు. బావ బూట్ల తాళ్లు కట్టుకున్నాడు.

ముందు వరసలో అక్క, పక్కన మీ తాతమ్మ. ఒళ్లో చేతిసంచి, నల్ల కళ్లద్దాలు. బావ రింగులోకి రాగానే జనం మామూలుగానే "పరుపూ! పరుపూ!" అని గోల. ఆవిడ అక్క వైపు తిరిగి, "చూశావటే, మన పరుపులకి ఎంత గిరాకీయో" అందట. అక్కకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆట మొదలైంది. మా ఒప్పందం ఏంటంటే, చివర్లో బావ మీసాలాయన్ని పడేసి మీద పడాలి, నేను పరుపు మీద అరచేత్తో ఒకటి, రెండు కొట్టాలి, అప్పుడు మీసాలాయన భుజం లేపి, బావని ఎత్తి కుదేసి ముగించాలి. నా రూలు ఒకటే. భుజం లేస్తే ఆపాలి, లేవకపోతే మూడోది కొట్టాలి, మూడూ పడితే ఆట అయిపోయినట్టే. ముందు ఏం అనుకున్నా సరే, కళ్ల ముందున్నదే లెక్క. బావ పడేశాడు. ఒకటి. రెండు. మీసాలాయన కదల్లేదు. నా చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఇది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మీ నాన్నకి కూడా. ఇప్పుడు బావా, మీసాలాయనా ఇద్దరూ పోయారు కాబట్టి చెబుతున్నాను. నా చెవి పరుపుకి ఆనించి ఉంది కదా, మీసాలాయన పెదవి కదపకుండా, "కొట్టరా, కొట్టు" అన్నాడు. కొట్టాను.

హాలు పైకప్పు లేచిపోయిందనుకో. మేనేజరు మైకు పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాడు. బావ లేవలేదు, అసలు ఏం జరిగిందో ఆయనకే తెలియదు. "ఏరా, లెక్క తప్పావా?" అని నన్నే అడిగాడు. బెల్టు నేనే కట్టాల్సొచ్చింది. గదిలోకెళ్లాక మేనేజరు నా మీద నిప్పులు చెరిగితే, మీసాలాయన తన మెడ పట్టుకుని "మెడ పట్టేసింది, లేవలేకపోయాను" అన్నాడు. అంతే, ఆ రోజుకి ఆయన నాలుగు మాటలూ అయిపోయాయి. బావ పోయేదాకా అది మెడనొప్పనే అనుకున్నాడు. మర్నాడు వెళ్లి కాపడం కూడా పెట్టొచ్చాడు పాపం! ఆయనా ఏమీ అనకుండా పెట్టించుకున్నాడు.

మరి మీ తాతమ్మ సంబరపడిపోయి ఉంటుందనుకుంటున్నావు కదూ? ఏమీ లేదు. చప్పట్లు కూడా కొట్టలేదు. సంచి సర్దుకుని, "అయిపోయిందిగా, పదవే ఇంటికి" అంది. ఆవిడకి ఇందులో వింతేముంది, వాడు ప్రతి వారం చేసేదేగా! బెల్టు ఇంటికొస్తే మాత్రం రోజూ బూడిద పెట్టి తోమింది. ఆ తోముడుకి రెండు దేశాలు అరిగిపోయాయి. కానీ రెండో రోజు నుంచీ మొదలెట్టింది. "ఒరే, ఆ మీసాల అబ్బాయికి మెడ తగ్గిందా? వాడికీ ఒక తల్లి ఉంటుంది కదరా. పద్నాలుగేళ్లుగా వాళ్లందరినీ అలా పడేస్తున్నావా? నీకు జాలి లేదూ? ఒక్కసారి వాణ్ని గెలవనిస్తే నీ సొమ్మేం పోయింది?" ఆరు రోజులూ ఇదే పోరు. బావ అన్నం ముందు కూర్చుని తల దించుకుని వినేవాడు, అక్క పెరట్లోకి పరిగెత్తి నవ్వుకునేది.

శనివారం పక్క ఊళ్లో, అరవై మంది కూడా లేరు, బావ మీసాలాయన చేతిలో ఓడి బెల్టు తిరిగిచ్చేశాడు. నిజం చెప్పనా, కావాలంటే ఇవ్వకుండా ఉండగలడు. నిజంగా పట్టుకి దిగితే మా కంపెనీలో ఆయన్ని కదిపేవాడు లేడు, ఆ సంగతి మేనేజరుకీ తెలుసు, వారమంతా చెమటలు పట్టాయి ఆయనకి. బావ ఎప్పటికన్నా బాగా పడ్డాడు ఆ రోజు. ఇంటికి నేనూ వెంట వెళ్లాను. గుమ్మంలో ఆవిడ అడిగింది, "ఎవరు గెలిచార్రా?" బావ చెప్పులు విడిచాడు. "ఓడిపోయానమ్మా" అన్నాడు. ఆ గుమ్మంలో ఆయన చెప్పిన మొదటి నిజం అది. ఆవిడ లేచి, మునివేళ్ల మీద నిలబడి కొడుకు తల నిమిరి, "మంచి పని చేశావు నాయనా" అంది. అన్నిసార్లు పడ్డా కన్ను తడవని మనిషి, గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచేదేముంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఓడిపోయాననే చెప్పాడు, హాయిగా. ఆవిడ వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లకి చెప్పేది. "మా వాడు గెలవలేక కాదమ్మా. తనెలాగూ గెలవగలడు కదా, అందుకని వాళ్లని గెలిపిస్తున్నాడు" అని. నేను ఆ రింగులో ఇరవై ఆరేళ్లు నిలబడ్డాను. మీ తాత ఉద్యోగం ఏంటో అంత సరిగ్గా చెప్పినవాళ్లు ఇంకొకరు... ఆవిడ తప్ప ఇంకెవరూ...

ఆ కిటికీ వెయ్యమ్మా, దుమ్మొస్తోంది.