సుద్ద గీత

కొబ్బరికాయల లారీ అంబాజీపేట ట్రాన్స్‌పోర్టు గేటు దగ్గరే ఆగిపోయింది. తాళంచెవి మేస్త్రి గుప్పిట్లో ఉంది. ఎదురుగా యజమాని.

"తాళమివ్వండి మేస్త్రిగారూ. ఒరిస్సా సరుకు, ఆలస్యమైపోతోంది."

"ఇవ్వనండి. వెనకచక్రం నట్లు చేత్తో తిప్పితే తిరుగుతున్నాయి."

"వాటి మీద మీ సుద్ద గీత ఉందిగా? అది చూసేగా డ్రైవరు బండెక్కేది."

"ఆయ్. రోజూ ప్రతి నట్టూ బిగించేకే గీస్తాను. పద్దెనిమిదేళ్ళలో నా గీత ఉన్న చక్రం ఒక్కటీ ఊడలేదండి. ఇది బిగించకుండా గీసింది."

"ఎవడు? ఈ పూటే పనిలోంచి పంపించేస్తాను."

మేస్త్రి తల దించలేదు.

"నాకు జ్వరమని పొద్దున్న చెకింగు వాడికప్పగించేను. మనసొప్పక లేచొచ్చేను. పంపించెయ్యండి. నేను కాళ్ళు కడిగి పిల్లనిచ్చినవాడే, మా అల్లుడు హరినాథ్."