వెరీగారి వంశం

మూడో అంతస్తులో గడియ పెట్టిన తలుపు. బయట టాక్సీ డ్రైవరు. లోపల అతని భార్య, స్టేషన్లో మూడు గంటలు ఎదురుచూసి తనంతట తానే వచ్చిన అత్తగారు.

"రండి, రండి! మెట్ల మీదే సర్దుకుని కూర్చోండి. ప్లంబరన్నా, ఆ రెంచీ కింద పెట్టి నోరు మూసుకో. ఇవాళ నా కాపురం సంగతి మీ అందరి ముందే తేలిపోవాలి!"

"వీధి వీధినంతా పోగేస్తే తలుపు తీస్తాననుకున్నారా?"

"వెరీ సారీ అన్నానే! వట్టి సారీ కాదు. వెరీ అంటే ఏమనుకున్నావు?"

"చాలా అని. మా అమ్మ నిలబడింది చూడండి, అంతసేపు. చాలా!"

"అది ఇప్పటి మాట. దాని తాతెవరో తెలుసా? రోములో వేరుస్ గారు. వేరుస్ అంటే నిజం. నోరు తెరిస్తే నిజమే, అందుకే ఎవడూ పిల్లనివ్వలేదు."

"పిల్లనివ్వకపోతే కొడుకెలా పుట్టాడు తమ్ముడూ?"

"ఎలాగో పుట్టాడు, నువ్వు ఆగన్నా! ఆ కొడుకు ఫ్రాన్సు చేరి వెరై అని పేరు మార్చుకున్నాడు. వాడి కొడుకు సైన్యం వెనకాల మూటాముల్లె సర్దుకుని ఓడెక్కి ఇంగ్లాండులో దిగాడు. మొదట్లో మర్యాదగానే బతికాడు. తర్వాత చితికిపోయి, గుడ్‌కీ బ్యాడ్‌కీ ముందు నడిచే బంట్రోతుగా కుదిరాడు. అయినా రక్తం ఎక్కడికి పోతుందే? వెరీ సారీ అంటే నిజమైన సారీ!"

"అంటే ఇన్నేళ్ళూ చెప్పిన వట్టి సారీలన్నీ అబద్ధాలా?"

"అదీ... అవి... అవి వేరే కుటుంబం."

"ఈ పురాణం మీకెవరు చెప్పారు?"

"నా బండెక్కిన ఇంగ్లీషు మేష్టారు."

"ఎప్పుడు?"

"మొన్నెప్పుడో..."

"ఎప్పుడండీ?"

"ఇవాళే. నాలుగింటికి."

"మా అమ్మ రైలు నాలుగింటికి! టైరు పంక్చరైందన్నారు!"

"ఫ్రాన్సు దాకా వచ్చాక మధ్యలో ఎలా దించెయ్యమంటావే? పాపం ఆయన చెబుతూనే ఉన్నాడు, నేను ఊరు మూడు చుట్లు తిప్పాను."

"విన్నావా అమ్మా? రోము నుంచి వెరీని తెచ్చారట ఈయన. స్టేషన్నుంచి నిన్ను తేలేకపోయారు!"

"తలుపు తియ్యవే."

"అమ్మా!"

"తియ్యి. పంక్చరంటే నేనూ నమ్మలేదు. ఇది మాత్రం నిజం. ఇంత సిగ్గులేని కారణం ఎవడూ కల్పించలేడు. లోపలికి రా బాబూ. ఇంగ్లాండులో ఆ కుర్రాడికి పెళ్ళైందా లేదా, ముందది చెప్పు."

"ఒక్క నిమిషం తమ్ముడూ, ఈ ప్లంబరు సందేహం కూడా తీర్చి వెళ్ళు! పొద్దున మా ఆవిడకి వెరీ వెరీ సారీ అని చెప్పొచ్చాను. ఆ ఇద్దరూ కవలలా, తోడల్లుళ్ళా?"